అది యారో కాదండీ, వయ్యారిభామ. ఇంటికి తేకండి

మీరు పెట్టిన ఫొటో చూశాను. రేణిగుంట రోడ్డు పక్క ఖాళీ ప్లాటులో తెల్లపూల మొక్క కనిపించిందని, ఫోన్‌లో యాప్ దాన్ని యారో అనే చల్లటి కొండల మొక్కగా చూపిందని, తేనెటీగలకు మంచిదంటున్నారు కాబట్టి వేళ్లతో తెచ్చి మిద్దె మీద కుండీలో పెట్టుకోవచ్చా అని అడిగారు. దయచేసి తేవద్దు. అది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అంటే మీకు వెంటనే తెలుస్తుందేమో.

రెండూ చామంతి కుటుంబానివే. చీలికల ఆకులు, చిన్న తెల్లపూలు. పొరబడడం సహజం. నేనూ పొరబడ్డాను, కాకపోతే తలకిందులుగా. కొన్నేళ్ల కిందట జూలైలో పహల్గాం పోయినప్పుడు లిద్దర్ ఏటి పక్క పచ్చికలో తెల్లపూలు విరగబూసి ఉన్నాయి. వయ్యారిభామ ఇక్కడికీ వచ్చేసిందా అని గుండె జారి, మా పాపను చెయ్యి పట్టి వెనక్కి లాగేశాను. గుర్రం నడిపించే ఆయన ఒక ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు. కర్పూరం కలిసినట్టు ఘాటు వాసన. దెబ్బ తగిలితే దీన్నే నూరి కడతామని సైగలతో చెప్పాడు. అదే యారో.

ఆ రోజు దగ్గర కూర్చుని చూశాను కాబట్టి తేడా చెప్పగలను. యారో ఆకు పక్షి ఈకలాగా, క్యారెట్ ఆకు కన్నా సన్నగా చీలి ఉంటుంది. దాని శాస్త్రీయ నామంలోని మిల్లెఫోలియం అనే మాటకు వెయ్యాకులని అర్థం. పూలన్నీ ఒకే ఎత్తుకు వచ్చి గొడుగు పైభాగంలా చదునుగా పరుచుకుంటాయి. వయ్యారిభామ ఆకు చామంతి ఆకులా వెడల్పు, పూలు కొమ్మకొమ్మకూ చెదిరిన చిన్న గుండీల్లా ఉంటాయి.

ఆ చదునైన పూగుత్తే యారో గొప్పతనం. పొట్టి నాలుక పురుగులు లోతైన పువ్వులో తేనె అందుకోలేవు. ఇక్కడైతే నిలబడి తాగుతాయి. పూల మీద గాలిలో నిలిచి ఎగిరే సిర్ఫిడ్ ఈగలు, అక్షింతల పురుగులు, చిన్న కందిరీగలు అన్నీ చేరతాయి. వాటిలో చాలావాటి పిల్లలు పేనుబంకను తిని బతుకుతాయి. అంటే పూల దగ్గర తల్లులకు తిండి దొరికితే పక్కన పైరుకు కాపలా దొరికినట్టే. యూరప్‌లో స్టార్లింగ్ పిట్టలు దీని ఆకులు తెచ్చి గూట్లో పేర్చుకుంటాయట.

ఆశపడి నేనూ విత్తనాలు తెప్పించి కార్తీకంలో చల్లాను. మొలిచాయి, సంక్రాంతికి ఆకు పరిచాయి, చైత్రం ఎండలకు ఒక్క పువ్వైనా పూయకుండా మాడిపోయాయి. చల్లటి కొండల మొక్కను తిరుపతి వేసవిలో నిలబెట్టడం నా వల్ల కాలేదు.

వయ్యారిభామ సంగతి వేరు. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1950ల్లో పుణె దగ్గర కంటబడి, దేశమంతా కమ్మేసింది. ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది, పక్కన ఇంకో మొక్కను ఎదగనివ్వదు. పాకాల దగ్గర మా చేని గెనిమల మీద దీన్ని ఉత్త చేతులతో పీకి పీకి మా నాయనకు మెడ, మోచేతులు నల్లబడి పగిలేవి. ఎండలోకి పోతే మంట. ఏళ్ల తరబడి పూతమందులు పూశాడు. ఆ గడ్డి ముట్టుకోవడం మానేశాకే నెమ్మదించింది. కొందరికి దీని పుప్పొడితో ఉబ్బసం కూడా వస్తుంది.

మీ కోరిక పురుగులకు, సీతాకోకలకు తేనె పెట్టాలని కదా. దానికి మన కాళ్ల కిందే గడ్డి చామంతి ఉంది. మా అవ్వ గాయపాకు అనేది, కొడవలి తెగితే దీని పసరే పిండేది. పసుపుపచ్చని నడిమి, చుట్టూ అయిదారు తెల్ల రేకులు, పొడవాటి కాడ. ఇదీ బయటి నుంచి వచ్చిందే, శెనిక్కాయ చేలో అయితే కలుపే. మామిడి తోపులో మాత్రం నేను దున్నించకుండా వదిలేస్తాను. మామిడి పూతకు పుప్పొడి మోసేవి ఎక్కువగా ఈగలు. పూత లేని నెలల్లో వాటికీ ఏదో ఒక పువ్వు ఉండాలి. పొద్దున ఎండ పడగానే ఆ చిన్న పూల మీద సీతాకోకలు వాలడం చూస్తుంటే పని మీదికి మనసు పోదు. కుండీలో అయితే తుమ్మి కూడా బాగా వస్తుంది, తేనెటీగలు దాన్ని వదలవు.

ఇక ఆ ప్లాటు సంగతి. వాన పడి నేల మెత్తబడ్డాక, చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పూత రాని మొక్కలను వేళ్లతో పీకించండి. పూసినవాటి మీద ముందు సంచి తొడిగి తర్వాత పీకాలి, లేకపోతే విత్తనం అక్కడే రాలుతుంది.

ఫొటోలో మీరు కొమ్మను ఉత్త చేత్తో పట్టుకున్నట్టుంది. సబ్బుతో కడుక్కోండి. దురద, దద్దుర్లు లేస్తే చర్మం డాక్టరుకు చూపించి, వయ్యారిభామ తగిలిందని మీరే ముందుగా చెప్పండి.