డిసెంబరు ఖర్చు జూన్ దాకా తీరకపోతే...

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. బాబుకు ఆరేళ్లు, పాపకు మూడేళ్లు. పిల్లలు పుట్టాక క్రిస్మస్ నెల ఏడాదికేడాది పెద్దదైపోతోంది. చెట్టు, దీపాలు, డిసెంబరు 1 నుంచి రోజుకొకటి తెరిచే 24 గళ్ల కానుకల క్యాలెండరు, అందరికీ కొత్త బట్టలు, రెండు వైపుల బంధువులకూ కానుకలు, ప్రయాణం. పోయినేడాది మామూలు ఇంటి ఖర్చులు కాక, ఇద్దరి నెల జీతం కలిపి వచ్చేదాంట్లో 60 శాతం అదనంగా అయింది. అంతా క్రెడిట్ కార్డు మీదే. నెలకు 3 శాతం వడ్డీతో జూన్ దాకా కట్టాం. ఈసారి పర్సనల్ లోన్ తీసుకుందామని, వడ్డీ తక్కువని మా వారు అంటున్నారు. ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీసి, తర్వాత నింపుదామని నాకనిపిస్తోంది. ఏది మేలు? పిల్లలకు లోటు తెలియకుండా ఏం తగ్గించవచ్చు?

జవాబు: రెండూ వద్దండి. లోన్ వడ్డీ కార్డు కంటే తక్కువన్న మాట నిజమే. కానీ 12 నెలల లోన్ తీసుకుంటే చివరి కిస్తీ వచ్చే డిసెంబరులో పడుతుంది. అంటే పాత పండగ అప్పు తీరుతుండగానే కొత్త పండగ ఖర్చు మొదలవుతుంది. ఎమర్జెన్సీ ఫండ్ సంగతి మరోలా ఉంటుంది. క్రిస్మస్ ప్రతి ఏటా ఒకే తేదీన వస్తుంది కాబట్టి దాన్ని అనుకోని ఖర్చు అనలేం. డిసెంబరులో ఖాళీ చేసిన ఫండ్ జనవరిలో పిల్లలకు జ్వరమొస్తే అక్కరకు రాదు.

ముందు పోయినేడాది లెక్క చూద్దాం. నెల జీతాన్ని 100 అనుకుంటే మీ అప్పు 60. నెలకు 3 శాతం వడ్డీతో ఆరు నెలల్లో తీర్చాలంటే నెలకు దాదాపు 11 కట్టాలి, మొత్తం 66.5 అవుతుంది. అదనంగా పోయిన 6.5 మీ ఇద్దరి రెండు రోజుల జీతం. పైగా చాలా కార్డుల్లో పాత బాకీ పూర్తిగా తీరేదాకా వడ్డీలేని గడువు వర్తించదు. జనవరిలో కొన్న పాలకూ కూరగాయలకూ కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడి ఉంటుంది. ఒకసారి స్టేట్‌మెంట్లు తీసి చూడండి.

అయినా బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకోలేదు, అది నయం. కనీస చెల్లింపు బాకీలో 5 శాతం అనుకుంటే, 100 అప్పుకు ఏడాదంతా కట్టేది దాదాపు 55. అందులో 32 వడ్డీకే పోతుంది. మళ్లీ క్రిస్మస్ వచ్చేసరికి ఇంకా 77 బాకీ మిగిలి ఉంటుంది.

నాకు ఇందులో ఆశ కనిపిస్తున్నది ఒకచోట. ఆరు నెలలపాటు నెలకు 11 శాతం కట్టగలిగారంటే, అదే 11 శాతాన్ని ముందే పక్కన పెట్టగలరు. పండగకు ఇంకా ఎనిమిది వారాల వ్యవధి ఉంది. ఈలోగా చేతికొచ్చే జీతాలు రెండు, వాటిలోంచి 22 వస్తుంది. డిసెంబరు జీతంలోంచి ఇంకో 8. ఈ 8 మాత్రం కార్డు మీద వాడుకుని, జనవరి బిల్లు గడువులోగా మొత్తం కట్టేయండి, వడ్డీ పడదు. అంతా కలిపి 30. పోయినేడాది ఖర్చులో ఇది సరిగ్గా సగం. డిసెంబరు జీతం పండగకు ముందే ఇచ్చే సంస్థలో పనిచేస్తుంటే ఆ 8ని ఇంకా తగ్గించండి. తర్వాతి జీతానికి అయిదారు వారాలు ఆగాల్సి వస్తుంది, జనవరి గడవడం కష్టమవుతుంది.

ఇక దేన్ని తగ్గించాలన్నది. మీరు పంపిన ఖర్చుల జాబితా ప్రకారం పోయినేడాది పండగ ఖర్చు మొత్తాన్ని 100గా తీసుకుంటే బంధువుల కానుకలు 28, పిల్లల కానుకలు 22, ప్రయాణం 18, వంటలూ అతిథులూ 12, బట్టలు 9, అలంకరణ 6, క్యాలెండరు 5. నన్ను ఆపింది ఈ అంకెలు కాదు, తేదీలు. డిసెంబరు 15 తర్వాతే 47 ఖర్చయింది. టైమ్ లేక రెడీమేడ్‌గా కొన్నవి, ఆలస్యమై ఎక్స్‌ప్రెస్ డెలివరీకి కట్టినవి, ఇంట్లో దాచిన కానుక కనిపించక మళ్లీ కొన్నవి అందులోనే ఉన్నాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో డిసెంబరు ఖర్చుకు అసలు కారణం తీరిక లేకపోవడమే. అందుకే ప్రతి ఆనవాయితీ పక్కనా డబ్బుతోపాటు ఎన్ని గంటలు పడుతుందో కూడా రాయండి. గంటలు సర్దలేనిదాన్ని ఈ ఏడాదికి వదిలేయండి. సర్దినట్టు నటిస్తే చివరి వారంలో డబ్బు పెట్టి కొంటారు.

బంధువుల కానుకలతో మొదలుపెట్టండి, పెద్ద మొత్తం పోతున్నది అక్కడే. 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అర్థశాస్త్రవేత్త పండగ కానుకల మీద చేసిన అధ్యయనంలో, అనుబంధం విలువ పక్కన పెడితే, పుచ్చుకున్నవాళ్లు కానుకకు కట్టిన విలువ దాని ధర కంటే 10 శాతం నుంచి మూడో వంతు దాకా తక్కువని తేలింది. అనుబంధం పక్కన పెట్టడం అర్థశాస్త్రవేత్తలకే చెల్లింది, నిజమే. అయినా పెద్దవాళ్లం ఒకరికొకరు మొక్కుబడిగా ఇచ్చుకునే కానుకలకు ఈ లెక్క బాగానే సరిపోతుంది. పెద్దవాళ్లంతా చీటీలు వేసుకుని, ఎవరి చీటీలో వచ్చిన ఒక్కరికి వాళ్లు ఇచ్చేలా మాట్లాడుకోండి. ఇది బెడిసికొట్టే చోట్లు మూడున్నాయి. గరిష్ఠ మొత్తం ముందే అంకెల్లో చెప్పకపోతే ఒకరు ఎక్కువ పెట్టి మిగతావాళ్లను ఇబ్బంది పెడతారు. భార్యాభర్తల చీటీ ఒకరికొకరికి వస్తే మళ్లీ తీయాలి. నవంబరు మధ్య దాటాక చెబితే అప్పటికే కొనేసినవాళ్లు నొచ్చుకుంటారు. మీ వైపు వాళ్లకు మీరు, మీ వారి వైపు వాళ్లకు మీ వారు చెప్పాలి, తారుమారు చేయొద్దు. తాతయ్యలనూ అమ్మమ్మ, నానమ్మలనూ చీటీల్లోంచి మినహాయించి, వాళ్లకు పిల్లలు చేసిన కార్డు, ఒక ఫొటో ఇప్పించండి. ఇలా చేస్తే 28 కాస్తా 8కి వస్తుంది.

పిల్లల కానుకలను 22 నుంచి 11కు తగ్గించినా వాళ్లకు తేడా తెలియదని ధైర్యంగా చెబుతున్నాను. అమెరికాలోని టొలిడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల వయసు పిల్లలు 36 మందిని గమనించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. ఎదురుగా 16 బొమ్మలు ఉన్నప్పటి కంటే 4 ఉన్నప్పుడే పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. చిన్న అధ్యయనమే, మీ పాప కంటే వాళ్లు కాస్త చిన్నవాళ్లు కూడా. కానీ పండగనాడు పొద్దున పదో పెట్టె విప్పేసరికి మొదటిది ఏమిటో మరిచిపోయే పిల్లలున్న ఇళ్లలో దీన్ని ఎవరూ కాదనరు. మీరిద్దరూ ఇచ్చేవి ఒక్కొక్కరికి మూడు చాలు. అందులో ఒకటి మాత్రమే ఖరీదైనది. ఇద్దరికీ సమానంగా ఉండాల్సింది పెట్టెల సంఖ్య. మూడేళ్ల పాప ధర చూడదు, పెట్టెలు లెక్కపెడుతుంది. బంధువుల నుంచి వచ్చినవాటిలో కొన్ని దాచి, డిసెంబరు 25 నుంచి లెక్కించే క్రిస్మస్ పన్నెండు రోజులు ముగిసే జనవరి 5 దాకా ఒక్కొక్కటిగా ఇవ్వండి.

కొనేటప్పుడు జాగ్రత్తలు. నవంబరు ఆఫర్లలో కొన్న బొమ్మ వాపసు గడువు డిసెంబరు 25కు ముందే ముగిసిపోవచ్చు. కాబట్టి ఇంటికి రాగానే పెట్టె తెరిచి పగిలిందేమో చూసి, అప్పుడే చుట్టండి. ఎవరికి, ఏమిటి, ఎక్కడ దాచాం, రసీదు ఎక్కడుంది అన్నవి ఇద్దరి ఫోన్లలోనూ కనిపించే ఒకే నోట్‌లో రాసుకోండి. రెండుసార్లు కొనడం దాంతోనే ఆగుతుంది. బ్యాటరీలతో నడిచేవైతే వాటి ధరనూ బొమ్మ ధరలో కలపండి. బటన్ బ్యాటరీలుండే బొమ్మల్లో ఆ మూత స్క్రూతో బిగించి ఉంటేనే కొనండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చేయగలవు. ట్యాబ్ ఇస్తున్నట్టయితే కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టి, కార్డు వివరాలు తీసేశాకే పిల్లల చేతికివ్వండి. లేదంటే ఆటల్లోని కొనుగోళ్లు జనవరి బిల్లులో కనిపిస్తాయి.

24 గళ్ల క్యాలెండరు మీ ఇంట్లో ఖర్చు కంటే శ్రమ ఎక్కువ తింటోంది. ఇద్దరు పిల్లలకు 24 చొప్పున 48 వస్తువులు వెతకాలి, చుట్టాలి, మళ్లీ ఇంట్లో ఎక్కడో సర్దాలి. దీన్ని ఆదివారాలకు కుదించండి. క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాలే ఆగమన కాలం. మొదటి ఆదివారం ఏ ఏడైనా నవంబరు 27, డిసెంబరు 3 మధ్య పడుతుంది. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిష్ విషెర్న్ అనే పాస్టర్ తన ఆశ్రమంలోని పిల్లల కోసం బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టించాడు. పెద్దవి నాలుగు ఆదివారాలకు, చిన్నవి మిగతా రోజులకు. ఆ అలవాటు ఇళ్లలోకి వచ్చేసరికి నాలుగు పెద్దవే నిలిచాయి. తీరిక లేని కుటుంబాలకు అంతకంటే మంచి పూర్వోదాహరణ ఏం కావాలి? ఆదివారం సాయంత్రం ఒక కొవ్వొత్తి, ఒక కథ, ఒక పాట. బాబు ఇప్పటికే రోజూ గడి తెరవడానికి అలవాటు పడి ఉంటే గళ్లు అలాగే ఉంచి లోపల కాగితం చీటీలు పెట్టండి. పని రోజుల్లో అయిదు నిమిషాల్లో అయ్యేవి: దీపాలు నువ్వే వెలిగించు, ఈ రాత్రి కథ నువ్వే ఎంచుకో. శని, ఆదివారాలకే పెద్దవి. చీటీలన్నీ నవంబరు చివరి ఆదివారమే రాసేయండి, రోజూ రాత్రి రాద్దామనుకుంటే నాలుగో రోజుకే ఆగిపోతుంది. 5 ఉన్నది 1కి దిగుతుంది.

అలంకరణకు 2 చాలు, పోయినేడాదివే వాడండి. కరెంటు ఆదా అవుతుందని కొత్త దీపాల తోరణం కొనడం మాత్రం వద్దు. 100 పాతకాలపు చిన్న బల్బుల తోరణం దాదాపు 40 వాట్లు. రోజుకు 5 గంటల చొప్పున 30 రోజులు వెలిగినా 6 యూనిట్లే. ఎల్‌ఈడీ అయితే ఒక యూనిట్ కూడా దాటదు. అంటే మిగిలేది అయిదు యూనిట్లు. పాతవి పాడైనప్పుడు, లేదా వైరు పగుళ్లిచ్చినప్పుడు మార్చండి, అప్పుడు ఎల్‌ఈడీయే తీసుకోండి.

బట్టలు పండగ ఒక్కరోజుకు కాక తర్వాత కూడా వేసుకోదగ్గవి కొంటే 4లో సరిపెట్టవచ్చు. వంటలకు 6: వచ్చేవాళ్లు తలో వంటకం తెచ్చేలా పంచుకోండి, ఎవరేం తెస్తున్నారో పేరు పేరునా రాసుకోండి, లేకపోతే అందరూ కేకే తెస్తారు. ప్రయాణానికి 12. పిల్లలకు బడి తెరిచేలోపు, 25 దాటాక వెళ్లగలిగితే రద్దీ రోజుల ధరలు తప్పించుకోవచ్చు. అదీ కుదరకపోతే ఈ ఏడాది ప్రయాణం ఉంచుకుని కానుకల్లోంచి ఇంకా కోయండి. తాతయ్య ఇంట్లో గడిపిన నాలుగు రోజులు ఆరేళ్ల పిల్లవాడికి గుర్తుంటాయి.

ఇవన్నీ కలిపితే 44. పోయినేడాదిలో సగం, అంటే 50 మన లక్ష్యం కాబట్టి మిగిలిన 6 మరిచిపోయిన ఖర్చులకు: టీచరుకు కానుక, బడిలో పార్టీ, చర్చి కానుక, ఆఫీసు చీటీ. చర్చికో, లేనివాళ్లకో ఇచ్చేది ముందే తీసి పక్కన పెట్టండి, మిగిలితే ఇద్దామంటే మిగలదు.

నో కాస్ట్ ఈఎంఐ అని కనిపిస్తే రెండు విషయాలు అడగండి: ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మొత్తం ఒకేసారి కడితే డిస్కౌంట్ ఎంత. ఈ రెండూ కలిపితే వచ్చేదే అసలు వడ్డీ.

వచ్చే ఏడాదికి పద్ధతి తేలిక. ఈ ఏడాది అయిన మొత్తాన్ని 11తో భాగించి, జనవరి నుంచి నవంబరు దాకా జీతం పడిన మర్నాడే వేరే ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. 12తో భాగించకండి, డిసెంబరు వాయిదా వచ్చేసరికి కొనుగోళ్లు అయిపోతాయి. మీ 30 శాతానికి నెలకు 3 కూడా పడదు. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోవద్దు. దుకాణాలు నడిపే ముందస్తు పొదుపు పథకాలకూ, పండగ బుట్టల స్కీములకూ దూరంగా ఉండండి. బ్రిటన్‌లో ఫేర్‌పాక్ అనే క్రిస్మస్ పొదుపు సంస్థ 2006 అక్టోబరులో, సరిగ్గా పండగ ముందు, మూతపడింది. ఏడాదంతా నెలనెలా కట్టిన వేలాది కుటుంబాలకు బుట్టలు రాలేదు, డబ్బు కూడా కొంతే, అదీ ఏళ్ల తర్వాత వచ్చింది. సొంత పేరున బ్యాంకు ఖాతా ఉంటే ఆ బెడద లేదు.

పెద్దవాడికి ఆరేళ్లు కాబట్టి ఈసారి చెల్లెలి కానుక వాడితోనే కొనిపించండి. చిన్న మొత్తం నోట్లుగా చేతికిచ్చి దుకాణానికి తీసుకెళ్లండి. చేతిలో ఉన్న డబ్బుకు రాని బొమ్మ కావాలని పట్టుబడితే పైన డబ్బు కలపొద్దు, ఇంకోటి వెతుక్కునేదాకా ఆగండి. అరగంట పడుతుంది, అందుకని డిసెంబరు మొదటి శనివారమే వెళ్లండి.