ఆదివారం బ్రంచ్‌ మానేస్తే కార్డు బాకీ తీరుతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌ కొండాపూర్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులం, చేతికొచ్చే జీతం 1,38,000. మా వీధి చివర ఏషియన్‌ ఫ్యూజన్‌ కేఫ్‌ ఉంది. ప్రతి ఆదివారం బ్రంచ్‌ (టిఫిన్‌, మధ్యాహ్న భోజనం కలిపి) అక్కడే, బిల్లు 2,600 దాకా అవుతుంది. పాయింట్లు వస్తాయని క్రెడిట్‌ కార్డు గీకుతాం. ఆ కార్డు మీద పాత బాకీ 64,000 ఉంది, వడ్డీ నెలకు 3.5 శాతం. నెలనెలా కొత్తగా వాడినదంతా కట్టి, పైన ఇంకో 3,200 కడుతున్నా బాకీ కదలడం లేదు. మ్యూచువల్‌ ఫండ్‌లో నెలకు 10,000 సిప్‌ నడుస్తోంది, సేవింగ్స్‌లో 40,000 ఉన్నాయి. బ్రంచ్‌ మానేసి ఆ డబ్బుతో ఇంకో సిప్‌ మొదలుపెట్టమంటారా?

జవాబు: కొత్త సిప్‌ ఇప్పుడు వద్దు. ఉన్న సిప్‌ కూడా రెండు నెలలు ఆపండి. బ్రంచ్‌ను మాత్రం పూర్తిగా మానక్కర్లేదు.

బాకీ ఎందుకు కదలడం లేదో లెక్క వేస్తే తెలుస్తుంది. 64,000 మీద నెల వడ్డీ 2,240. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మరో 403. అంటే మీరు పైన కట్టే 3,200లో 2,643 అక్కడే పోతుంది, అసలుకు జమయ్యేది 557. అది కూడా నిలవదు. పాత బాకీ ఉన్నంతకాలం కార్డుకు వడ్డీ లేని గడువు వర్తించదు కాబట్టి కొత్త ఖర్చుకూ గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మీ బ్రంచ్‌ బిల్లు 2,599 అనుకుంటే (వివరం కింద ఉంది) దాని మీద వడ్డీ, జీఎస్‌టీతో కలిపి రోజుకు మూడున్నర రూపాయలు. గీకిన నాటి నుంచి మీరు కట్టే నాటికి సగటున 35 రోజులనుకుంటే ఒక్కో బ్రంచ్‌కు 124, నాలుగింటికి 496. 557లో అది తీసేస్తే మిగిలేది 61 రూపాయలు. అదే కార్డు మీద పెట్రోలు, కిరాణా కూడా నడిస్తే ఆ కాస్తా పోయి బాకీ పెరుగుతుంది. ఇక పాయింట్లంటారా, వందకు రూపాయి చొప్పున వేసుకున్నా బిల్లుకు 26 వస్తాయి.

అందుకని మొదటి పని, బాకీ తీరేదాకా ఆ కార్డు వాడకండి. బ్రంచ్‌తో సహా అన్నీ యూపీఐలోనో డెబిట్‌ కార్డుతోనో కట్టండి. సేవింగ్స్‌లోంచి 25,000 తీసి ఈ వారమే కార్డుకు కట్టండి. సేవింగ్స్‌ ఖాతా మీద వచ్చే మూడు శాతం లోపు వడ్డీ కోసం ఏడాదికి 42 శాతం కడుతూ కూర్చోవడంలో అర్థం లేదు. మిగిలిన 15,000 ముట్టుకోకండి. ఇప్పుడు బాకీ 39,000. బ్రంచ్‌లో కోత వేస్తే నెలకు 7,400 మిగులుతాయి (లెక్క కింద ఉంది). మీరు కడుతున్న 3,200, ఆపిన సిప్‌ 10,000 కలిపితే 20,600. రెండు నెలల్లో బాకీ దాదాపు తీరిపోయి మూడో నెలకు రెండు మూడు వందలు కొసరుగా మిగులుతుంది. సిప్‌ ఆపడం ఇష్టం లేకపోతే నాలుగు నెలలు దాటుతుంది.

సిప్‌ ఆపాలంటే ఫండ్‌ యాప్‌లో పాజ్‌ పెట్టండి, ఖాతాలోంచి సిప్‌ డబ్బు కట్‌ అయ్యే తేదీకి రెండు వారాల ముందే. ఖాతాలో డబ్బు ఉంచకుండా వదిలేస్తే బ్యాంకు బౌన్స్‌ ఛార్జీ వేస్తుంది.

ఇక బ్రంచ్‌. నెలకు నాలుగు ఆదివారాలని లెక్కేసుకుంటే పదివేలకు కాస్త పైన అనిపిస్తుంది. ఏడాదికి 52 ఆదివారాలు కాబట్టి నెలకు సగటున 11,262 అవుతుంది. ఇద్దరికి ఒక మామూలు బిల్లు వేసి చూద్దాం. బావో (ఆవిరి మీద ఉడికించిన బన్ను) 395, డిమ్‌సమ్‌ (మోమోల్లాంటివి) 425, కిమ్చి ఫ్రైడ్‌ రైస్‌ 475, మాచా లాటే 320, వియత్నాం కాఫీ 290, మ్యాంగో స్టికీ రైస్‌ 345. మొత్తం 2,250. దీనికి 10 శాతం సర్వీస్‌ ఛార్జి 225, ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్‌టీ 124 కలిస్తే మీ 2,599 వస్తుంది.

సర్వీస్‌ ఛార్జి కట్టి తీరాల్సింది కాదు. బిల్లులో దాన్ని వాళ్లంతట వాళ్లే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. డబ్బు కట్టకముందే తీసేయమని అడగండి, బిల్లు మళ్లీ వేయించండి. కొన్నిచోట్ల 225 మాత్రం కొట్టేసి దాని మీది జీఎస్‌టీని అలాగే ఉంచుతారు, చూసుకోండి. మొత్తం 236 తగ్గాలి. తీయనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915 ఉంది. వడ్డించిన వాళ్లకు ఇవ్వాలనిపిస్తే వాళ్ల చేతికే ఇవ్వండి.

వీధి కేఫ్‌ విషయంలో ఇంకొకటి: బిల్లు మీద ‘కాంపోజిషన్‌ ట్యాక్సబుల్‌ పర్సన్‌’ (చిన్న వ్యాపారులకిచ్చే జీఎస్‌టీ పథకంలో ఉన్నవాళ్లు) అని ఉంటే ఆ కేఫ్‌ మీ దగ్గర జీఎస్‌టీ విడిగా వసూలు చేయకూడదు.

తిండిలో కోత వేయాల్సింది ప్లేట్ల దగ్గర కాదు. ఈ బిల్లులో రెండు పానీయాలు, ఒక డెజర్ట్‌ కలిపి 955, అంటే 42 శాతం. లాటే, కాఫీ బదులు ఇద్దరికీ కలిపి 180 పెట్టి ఒక కెటిల్‌ జాస్మిన్‌ టీ తీసుకుంటే 430 తగ్గుతుంది. బావో, డిమ్‌సమ్‌, రైస్‌ పంచుకోవడానికి వీలైనవే, వాటిని కదపకండి. రామెన్‌ (సూప్‌లో నూడుల్స్‌) ఒక్కటి తెప్పించి ఇద్దరూ పంచుకోవాలని మాత్రం చూడకండి. మాటల్లో పడేసరికి నూడుల్స్‌ ఉబ్బిపోతాయి, ఆకలి తీరక ఇంకో ప్లేటు చెబుతారు. సర్వీస్‌ ఛార్జి లేకుండా ఇప్పుడు బిల్లు 1,911, అదీ డెజర్ట్‌తో సహా! నెలకు రెండుసార్లు వెళ్తే 3,822. 11,262లోంచి తీసేస్తే దాదాపు 7,400 మిగులుతాయి.

‘అన్‌లిమిటెడ్‌ బ్రంచ్‌ 1,499 ప్లస్‌ ప్లస్‌’ లాంటి బోర్డులు చూసి ఆగకండి. ఆ ప్లస్‌లు సర్వీస్‌ ఛార్జి, పన్ను. ఇద్దరికీ 3,463 అవుతుంది. వెళ్లని ఆదివారాల్లో అదే తిండి డెలివరీ యాప్‌లో తెప్పించుకుంటే కోత వేసి లాభం లేదు. పైగా ప్యాకింగ్‌, డెలివరీ ఛార్జీలు తోడవుతాయి, డబ్బాలో ఆవిరికి బావో తడిసి ముద్దవుతుంది.

బాకీ తీరాక పాత సిప్‌ మళ్లీ మొదలుపెట్టండి. బ్రంచ్‌లో మిగిలిన దాంట్లోంచి 7,000తో రెండో సిప్‌ అప్పుడు పెట్టుకోవచ్చు. పదేళ్లలో మీరు కట్టేది 8.4 లక్షలు. ఏటా సగటున 11 శాతం వస్తే దాదాపు 15 లక్షలు అవుతుంది. మార్కెట్‌ రాబడికి హామీ లేదు, కాబట్టి ఆ అంకె మీద ఇప్పుడే ప్లాట్‌ బేరం ఆడకండి. అంతకంటే ముందు సేవింగ్స్‌లోంచి తీసిన 25,000 తిరిగి పూడ్చండి.

చివరి వాయిదా కట్టిన తర్వాతి స్టేట్‌మెంట్‌లో కూడా కొంత వడ్డీ కనిపిస్తుంది. బిల్లు తేదీకీ మీరు కట్టిన తేదీకీ మధ్య రోజులది అది. చిన్న మొత్తమే కదా అని వదిలేస్తే దాని మీద ఆలస్య రుసుము పడొచ్చు, కట్టేయండి. కార్డు బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్టే ఆటో డెబిట్‌ ‘మినిమమ్‌ డ్యూ’ (కనీస మొత్తం) మీద ఉంటే, దాన్ని ‘టోటల్‌ డ్యూ’ (మొత్తం బాకీ)కి మార్చాల్సింది ఆ తర్వాతే. ఇవాళే మారిస్తే వచ్చే గడువు తేదీకి బాకీ మొత్తాన్ని ఒకేసారి లాగబోతుంది, ఖాతాలో అంత లేకపోతే అది బౌన్స్‌ అవుతుంది.