క్యాజువాలిటీలో "పొద్దున ఏం తిన్నావు?" అని అడగడం మన పనేనా?

ఎమర్జెన్సీలో కొత్తగా చేరానని, ప్రాణం నిలబెట్టే హడావిడిలో రోగి ఇంటి సంగతులూ డబ్బు సంగతులూ కూడా మనమే చూడాలా, చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను అనంతపురం వైపు ఒక ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో 14 ఏళ్లుగా స్టాఫ్ నర్సుని. చూడాలనే చెప్తాను. ఆ సంగతి నాకు ఒక అవ్వ వల్ల తెలిసొచ్చింది.

డెబ్బై దాటిన మనిషి. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. 108లో తెచ్చారు. షుగరు చూస్తే బాగా పడిపోయి 38 ఉంది. డెక్స్‌ట్రోజు (గ్లూకోజు) ఎక్కిస్తే కాసేపటికే కళ్లు తెరిచింది. ఆమె వాడే, షుగరు తగ్గించే గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు చాలా గంటలు పనిచేస్తూనే ఉంటాయి, పైగా పెద్ద వయసు. అందుకని రాత్రంతా ఉంచుకుని, "మాత్రలు మానొద్దవ్వా, వేళకు తిను" అని చెప్పి తెల్లారి పంపాం. తొమ్మిదో రోజు మళ్లీ వచ్చింది. అవే చెమటలు, అదే వైద్యం, మేము చెప్పిందీ అదే మాట. మూడోసారి వచ్చినప్పుడు, తేరుకున్నాక మంచం పక్కన కూర్చుని అడిగాను, "పొద్దున ఏం తిన్నావవ్వా?" అని.

జవాబు చెప్పకుండా కొంగు ముడి విప్పింది. అందులో సగం అయిపోయిన మాత్రల షీటు, ఐదు రూపాయల బిళ్లలు మూడు.

"మాత్ర ఏసుకున్యా తల్లీ, మానొద్దంటిరి కదా. బియ్యం ఐపోయి నాలుగు దినాలాయె."

కొడుకూ కోడలూ బెంగుళూరుకు బేల్దారి పనికి పోయారు. ఒంటరి కార్డు మీద నెలకు వచ్చేది 5 కిలోల బియ్యం. పింఛను 4,000 ఒకటో తేదీనే కొడుకు అప్పు కంతుకు పోతోంది. మాత్ర మానొద్దన్న మా మాట తు.చ. తప్పకుండా పాటించి, తిండి లేకుండానే మాత్ర వేసుకోబట్టే ఆమెకు మూడుసార్లు ప్రాణం మీదికొచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. మొదటిరోజే ఆ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

విషయం చెప్పాక డాక్టరుగారు ఆ మాత్ర తీసేసి, షుగరు పడిపోయే భయం తక్కువున్నది రాశారు. నేను ఆ ఊరి ఆశ కార్యకర్తకు ఫోన్ చేశాను. ఆ ఆశ కార్యకర్త అవ్వ కొడుకుతో మాట్లాడి, పక్కింట్లో రోజూ అవ్వకు అన్నం పెట్టేలా ఒప్పించింది. అంతా కలిపి నాకు పట్టింది పది నిమిషాలు.

చేలో పాము కరిచిన రైతులు మాకు బాగా వస్తారు. ఒకాయన ఇంజెక్షన్ ఎక్కుతుండగానే ఇంటికి పోతానని పట్టుబట్టాడు. ఇలాంటప్పుడు "సొంత బాధ్యత మీద వెళ్తున్నాను" అని సంతకం పెట్టించుకుని పంపేయడం తేలిక. కారణం అడిగితే, రెండు ఎనుములున్నాయి, సాయంత్రం పాలు పిండేవాళ్లు లేరన్నాడు. ఆయన బామ్మర్దికి ఫోన్ కలిపి ఇచ్చాం. మర్నాటిదాకా కదలకుండా పడుకున్నాడు. మొండితనం అని మనం రాసుకునే చాలావాటి వెనక ఇలాంటి ఎనుములే ఉంటాయి.

ఇంకో సంగతి, చెప్పులు. 108లో వచ్చినవాళ్లకు చాలాసార్లు కాళ్లకు చెప్పులుండవు, చేతిలో పైసా ఉండదు. 108 తీసుకొస్తుంది, తిరిగి ఇంట్లో దింపదు. రాత్రి రెండింటికి "బాగుంది, వెళ్లొచ్చు" అంటే ఆ మనిషి ఎక్కడికి పోతాడు? మా దగ్గర మొదటి బస్సు వేళదాకా బెంచీ మీద పడుకోనిస్తాం. ఇది మీ వార్డులో లేకపోతే ముందు దీనికోసం గట్టిగా అడగండి.

అయితే అందరి ముందూ అడగకూడదు. ముఖ్యంగా ఆడవాళ్లను. "మెట్ల మీద పడ్డాను" అంటూ భర్త మొహం వైపు చూసే మనిషిని ఆయన ఎదుట అడిగితే, ఇంటికెళ్లాక ఆమెకే ముప్పు. ఆయన్ని ఓపీ చీటీ రాయించుకురమ్మని పంపి, తెర లాగి, అప్పుడు అడగండి. చెప్పకపోతే బలవంతం చేయొద్దు. 181 నంబరు (ఆడవాళ్ల హెల్ప్‌లైన్), సఖి కేంద్రం (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) సంగతి మాత్రం చెవిన వేయండి. గాయాల సంగతి డాక్టరుగారికి విడిగా చెప్పండి.

యాక్సిడెంట్ కేసులు నాలుగు ఒకేసారి దిగినప్పుడు ఇవేవీ కుదరవు, కుదరనక్కర్లేదు. రక్తం ఆగాలి, ఊపిరి ఆడాలి, అదే ముందు. పంపించే ముందు మాత్రం నేను మూడు అడుగుతాను: ఇంటికెలా పోతారు, ఇంట్లో ఎవరున్నారు, రాసిన మందు కొనగలరా. మూడోదానికి మొహమాటంతో "కొంటాం సిస్టర్" అనేస్తారు. అప్పుడు చీటీ వైపు కాదు, వాళ్ల మొహం వైపు చూడండి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు కదా, ఈ వారమే మీ చుట్టుపక్కల పీహెచ్‌సీల నుంచి ఆశ కార్యకర్తల నంబర్లు ఊరివారీగా రాయించుకోండి. దాంతోపాటు 181, పిల్లలకు 1098, పెద్దవాళ్లకు 14567 కూడా రాసి, నర్సుల టేబుల్ అద్దం కింద పెట్టండి. రాత్రి డ్యూటీలో ఫోన్‌లో వెతుక్కునే తీరిక ఉండదు.