‘హత్య’కు ముందు ఉండాల్సిన మాట

ప్రశ్న: ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్ల కోసం హింస నివారణ మీద చిన్న పుస్తకం తయారుచేస్తున్నాం. హోమిసైడ్‌ను హత్య అనాలా, నరహత్య అనాలా? ‘చిల్లంగి హత్యలు’ (చిల్లంగి అంటే చేతబడి) అని ఒక అధ్యాయానికి పేరు పెట్టాం, సరైనదేనా? ఉగ్రవాదం, తీవ్రవాదం ఒకటేనా? – ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, గిడుగు వారు సవర భాష నేర్చుకున్న ఊరి నుంచి ఇలాంటి ఉత్తరం వచ్చినందుకు సంతోషం. ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

హత్య అన్న మాట ఒంటరిగా పుట్టలేదు. ‘హనస్త చ’ అని పాణిని సూత్రం. హన్ (చంపు) ధాతువుకు ముందు ఇంకో పదం ఉన్నప్పుడే ‘హత్య’ అన్న రూపం వస్తుందని దాని సారం. బ్రహ్మహత్య, గోహత్య, భ్రూణహత్య, ఆత్మహత్య అన్నీ అలా వచ్చినవే. ఆ ముందు పదం ఏం చెబుతోందో గమనించండి. పోయింది ఎవరి ప్రాణమో చెబుతోంది. తెలుగులో మనం ఆ ముందు మాటను వదిలేసి ఒట్టి ‘హత్య’ అనడం అలవాటు చేసుకున్నాం. వాడుక స్థిరపడింది కాబట్టి తప్పనను. కానీ ఆ ఖాళీలో ఇప్పుడు ఏవేవో వచ్చి కూర్చుంటున్నాయి. ‘పరువు హత్య’ అని పత్రికలు రోజూ రాస్తున్నాయి. బ్రహ్మహత్య పద్ధతిలో విడదీస్తే దాని అర్థం పరువును చంపడం. చచ్చిపోయిన పిల్ల ఆ మాటలో ఎక్కడా లేదు, చంపినవాళ్ల పరువు మాత్రం ఉంది. ఇది నాకు చాలా బాధ కలిగించే ప్రయోగం.

మీ ‘చిల్లంగి హత్యలు’ కూడా ఆ కోవలోదే. చదివినవాడికి చనిపోయిన మనిషి చిల్లంగి పెట్టినట్టే వినబడుతుంది. ఒడిశాలో 2013లోనే మంత్రగత్తె ముద్ర వేసి వేధించడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. ఆ ముద్ర అబద్ధమని చట్టం చెబుతుంటే, మన శీర్షిక ఆ ముద్రనే మళ్లీ వేయకూడదు కదా. చాలా ఏళ్ల కిందట గుణుపురం సంతలో చింతపండు అమ్ముతున్న ఒక ముసలమ్మ తన ఇంటి సంగతి చెబుతూ, ‘మా చిన్నాన్నని చిల్లంగోడని పేరెట్టి చంపీసినారు’ అంది. చెబుతూనే తక్కెడలో చింతపండు సర్దుతోంది. ఆ ‘పేరెట్టి’ అన్న మాట చూడండి. ఆరోపణ వేరు, మనిషి వేరు అని ఒక్క ముక్కలో తేల్చింది. మీ అధ్యాయానికి ‘చిల్లంగి పేరు పెట్టి చంపడం’ అని పెట్టుకోండి. పొడుగైతే అయింది.

చంపు అచ్చ తెలుగు మాట. చచ్చు, చంపు జంట. కోండ్ గిరిజనుల కుయి, కువి భాషల్లోనూ ఈ చావు ధాతువుకు చుట్టాలున్నాయి. చంపాడు అంటే ఎవరు, ఎవరిని అని రెండు ప్రశ్నలు వెంటనే వస్తాయి. ‘హత్యకు గురైంది’ అంటే మొదటి ప్రశ్న రాదు. హింసను ఆపాలనుకునేవాళ్లకు ఆ రెండూ కావాలి. 2021లో ప్రపంచంలో దాదాపు 4,58,000 మంది హత్యకు బలయ్యారని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం లెక్క. వాళ్లలో ఆడవాళ్లను విడిగా చూస్తే దాదాపు 56 శాతం మందిని చంపింది భర్తో, సహచరుడో, ఇంట్లోవాళ్లో. మగవాళ్లలో అది 11 శాతమే. ‘గుర్తు తెలియని దుండగులు’ అని రాయడానికి అలవాటుపడ్డ చేతులు ఈ లెక్క ఒకసారి చూడాలి.

వధ అంటే చెప్పేవాడి మెచ్చుకోలు కూడా ఉంటుంది: కీచకవధ, నరకాసురవధ. నివారణ పుస్తకంలో వద్దు. ‘మట్టుబెట్టారు’ అసలే వద్దు.

ఇక ఉగ్రవాదం. తీవ్రవాదం అభిప్రాయంలోని విపరీతం, ఉగ్రవాదం భయపెట్టడానికి చేసే హింస అని ఇప్పటి వాడుక కొంతవరకు విడదీస్తోంది, అంతా పాటించడం లేదు. ఒడియావాళ్ల ‘ఆతంకవాదం’లో భయం మాటలోనే ఉంది, మన రెండిటిలోనూ లేదు. నిర్వచనం దగ్గర దేశాలకే పొత్తు కుదరలేదు. 1996లో మన దేశం ప్రతిపాదించిన సమగ్ర ఒప్పందం ఇంకా ఐక్యరాజ్యసమితిలో తేలలేదు. నాకు మాత్రం పోతన చాలు. నిద్రపోతున్న ఉపపాండవులను చంపి దొరికిపోయిన అశ్వత్థామను ద్రౌపది అడుగుతుంది: వాళ్లు ఉద్రేకంతో నీ మీదికి రాలేదు, ‘శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు’, నీకు ఏ కొంచెం ద్రోహమూ చేయలేదు, చీకట్లో, చిన్న పాపలను, యుద్ధం చేతకానివాళ్లను, నిద్రాసక్తులను చంపడానికి ‘అకటా! నీ చేతులెట్లాడెనో?’ అని. పద్యంలో మూడు వంతులు చచ్చిపోయినవాళ్లు ఎవరో చెప్పడానికే సరిపోయింది. చంపినవాడి సిద్ధాంతం ఏమిటో ఆమె అడగనే లేదు. కొడుకులను పోగొట్టుకున్న తల్లి ఆమె.

మొదటి ప్రశ్నకు: లాటిన్‌లోనూ హోమిసైడ్ అంటే మనిషిని చంపడమే, కాబట్టి నరహత్య దానికి సరిగ్గా అతుకుతుంది. భారతీయ న్యాయ సంహితలో 100వ సెక్షన్ నేరమయ్యే నరహత్య గురించి, 101వది అందులో హత్య అనిపించుకునేదాని గురించి. చట్టం మాట్లాడే పేజీల్లో ఈ తేడా పాటించండి. మిగతా చోట్ల హత్య అన్నా నేను కాదనను, ముందు మాట పోగొట్టనంత వరకు. శీర్షిక మార్చాక ఒక ప్రతి నాకు పంపండి.