ఒబీడియంట్ అంటే చెవికి సంబంధించిన మాటా?

ప్రశ్న: సర్, మావాడు టెన్త్. లీవ్ లెటర్ చివర 'యువర్స్ ఒబీడియంట్లీ' అని రాస్తూ, ఈ ఒబీడియంట్‌కీ ఆడియోకీ లాటిన్‌లో మూలం ఒకటేనని ట్యూషన్‌లో చెప్పారంటున్నాడు. నాకైతే కథలా అనిపించింది, ఒకటేమో లొంగి ఉండటం, ఇంకోటేమో స్పీకర్ బాక్సులు, వీటికి చుట్టరికం ఎక్కడిదండీ? ఉద్యోగాల అప్లికేషన్లలో కూడా అలాగే రాయాలా? - ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కథ కాదమ్మా, మీవాడు చెప్పింది కరెక్టే. లాటిన్‌లో 'ఔడిరే' అంటే వినడం, ఆడియో దాన్నించి వచ్చిందే. దానికి ముందు 'ఒబ్' చేర్చారు, అంటే వైపు, ఎదురుగా అని. రెండూ కలిసి 'ఒబొయెడిరే' అయింది, ఒకరి వైపు చెవి పెట్టి వినడం అన్నమాట, అక్కణ్నించి చెప్పినట్టు చెయ్యడం అనే అర్థం వచ్చింది. ఫ్రెంచి వాళ్ల నోట్లో అరిగి 'ఒబెయిర్' అయ్యి, అటునుంచి ఇంగ్లీషులోకి వచ్చి 'ఒబే' అయి కూర్చుంది. ఔడిరే సంతానం ఇంకా చాలా ఉంది, ఆడియన్స్, ఆడిషన్, ఆడిటోరియం అన్నీ అదే ఇంటివి. ఆఖరికి మన విజయవాడ గవర్నర్‌పేటలో ఫైళ్లు ముందేసుకుని కూర్చునే ఆడిటర్ గారు కూడా! ఎందుకంటే అప్పట్లో లెక్కలు పైకి చదివి వినిపించేవాళ్లు, అవి విని తేల్చేవాడే ఆడిటర్, ఇప్పుడు వినేదేం లేకపోయినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

నిజానికి ఇది మనకి వింతగా ఉండకూడదు. 'మావాడు మాట వినడండీ' అని మనం అంటే ఎవరూ ఈఎన్‌టీ డాక్టర్ అడ్రస్ చెప్పరు కదా. గ్రీకులోనూ ఇంతే, 'హుపకువో' అంటే కింద ఉండి వినడం, లోబడటం. జర్మన్‌లో వినడానికి 'హోరెన్', లోబడటానికి 'గెహోర్హెన్'. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న 'శుశ్రూష' అయితే ఇంకా బావుంటుంది, శ్రు అనే ధాతువుకి కోరిక అర్థం కలిపితే పుట్టిన మాట అది, వినాలనే కోరిక అన్నమాట. గురుశుశ్రూష అంటే ముందు గురువు మాట వినాలనుకోవడమే, తర్వాతే సేవ, ఆ తర్వాతెప్పుడో ఆస్పత్రిలో రోగుల దాకా వెళ్లింది. మనం ఒబీడియన్స్‌కి 'విధేయత' అని రాస్తాం గానీ దాంట్లో చెవి లేదు, అది విధించడం, విధి ఉన్న కుటుంబంలోది. పైవాడు ఏం పెట్టాడన్నదే అందులో ఉంటుంది, వినేవాడి సంగతి పట్టదు. నా మటుకు నాకు శుశ్రూషే ఒబీడియన్స్‌కి సొంత చెల్లెలు.

ఒబీడియన్స్ అంటే దణ్ణాలు పెట్టడం కూడా గుర్తొస్తుంది కదా, దానికి వేరే మాటుంది, 'ఒబేసెన్స్'. అదీ ఇందులోంచి పుట్టిందే, మొదట విధేయత అనే ఉండేది, తర్వాత తర్వాత వంగి నమస్కరించడంగా మారింది.

డిస్ అని ముందు తగిలిస్తే డిసొబీడియన్స్, మాట వినకపోవడం. సివిల్ డిసొబీడియన్స్‌ని మనవాళ్లు శాసనోల్లంఘనం అన్నారు, పుస్తకాల్లో అదే ఉంటుంది. మీ జిల్లాలోనే పెదనందిపాడు రైతులు 1921-22లో శిస్తు కట్టం అని భీష్మించారు, పర్వతనేని వీరయ్య చౌదరి గారు ముందుండి నడిపించారు. తెల్లదొర చెప్పింది చెవినబడలేదని కాదు, బాగానే వినబడింది, లాటిన్ లెక్క ప్రకారం చెవి అటు తిప్పలేదంతే.

ఇక లెటర్ సంగతి. స్కూలుకి రాసేటప్పుడు ఒబీడియంట్లీ ఉండనివ్వండి, మన దగ్గర టీచర్లు అదే నేర్పిస్తారు, మార్కులు పోతాయేమో అనే భయం కూడా ఉండదు. ఉద్యోగానికైతే ఇప్పుడు 'యువర్స్ సిన్సియర్లీ' గానీ 'ఫెయిత్‌ఫుల్లీ' గానీ రాస్తున్నారు, ఆ ముక్క మీవాడికి చెప్పండి.