ఆటిజం థెరపీకి ఇన్సూరెన్స్ ఇప్పిస్తామన్న నాయకుల మాట ఎంతవరకు నిజం?

అమెరికాలో ఆటిజం పిల్లల థెరపీ ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీల చేత కట్టిస్తామని నాయకులు చెప్పడం పూర్తిగా అబద్ధమేం కాదు, 2019 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో అలాంటి నిబంధన వచ్చింది. చిక్కు వేరే చోట ఉంది. పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల వైద్యం బిల్లులు సొంత డబ్బుతోనే కడతాయి, కార్డు మీద కనిపించే ఇన్సూరెన్స్ పేరు లెక్కలు చూసుకోవడానికే, అలాంటి "సెల్ఫ్ ఫండెడ్" ప్లాన్లకు 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం వల్ల రాష్ట్ర నిబంధన వర్తించదు. ప్రసంగాల్లో ఈ సంగతి పెద్దగా ఎత్తరు (ఎత్తితే చప్పట్లు పడవు కదా). కొన్ని రాష్ట్రాల్లో వయసు పరిమితి కూడా ఉంటుంది. అందుకే ముందు హెచ్‌ఆర్‌ని "మన ప్లాన్ సెల్ఫ్ ఫండెడా?" అని ఒక్క మాట అడగండి. అవునంటే ఆటిజం కవరేజ్ కలపమని కంపెనీనే పట్టుకోవాలి, రాష్ట్ర చట్టం చూపించి లాభం లేదు.