నోటిపూత, కంటి ఎరుపు, కీళ్ల నొప్పులు.. అన్నీ ఒకే జబ్బా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. వయసు 28. రెండేళ్లుగా నోటిపూత మాటిమాటికీ వస్తోంది. వేడి చేసిందని అమ్మ సబ్జా నీళ్లు ఇస్తుంది, మందుల షాపులో బి కాంప్లెక్స్ ఇస్తారు. మర్మాంగాల దగ్గర కూడా రెండుసార్లు పుండ్లు పడ్డాయి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, సుఖవ్యాధేమోనని టెన్షన్‌గా ఉంది. నెల కిందట ఎడమ కన్ను ఎర్రబడి చూపు మసకబారింది. చుక్కల మందుతో తగ్గింది. మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఒక్క నోటిపూతే అయితే నేనూ బి కాంప్లెక్స్ దగ్గరే ఆగేవాణ్ని. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే బెహ్చెట్ వ్యాధిని అనుమానించాలి. ఈ పుండ్లు, కంటి వాపు కలిసి రావడాన్ని 1937లో టర్కీ చర్మవైద్యుడు హులూసి బెహ్చెట్ వివరించారు. రక్తనాళాల్లో వాపు వల్ల వచ్చే జబ్బు కాబట్టి ఒంట్లో ఎక్కడైనా బయటపడొచ్చు. మన దగ్గర అరుదే. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

దీన్ని తేల్చే రక్తపరీక్ష అంటూ ఒకటి లేదు. లక్షణాలే ఆధారం. ఏడాదిలో కనీసం మూడుసార్లు నోటిపూత వచ్చిందా? పిక్కల మీద, మోకాలి కింద ఎర్రటి నొప్పి గడ్డలు లేచాయా? ఇంజక్షన్ పొడిచిన చోట ఒకటి రెండు రోజుల్లో చిన్న చీముపొక్కు వచ్చిందా? చాలామంది దాన్ని సూది పడలేదని వదిలేస్తారు. డాక్టరుకు మాత్రం అది మంచి ఆధారం. హెర్పిస్, సిఫిలిస్, హెచ్ఐవీ, క్షయ పరీక్షలు కూడా రాస్తారు. అంతమాత్రాన మిమ్మల్ని తప్పుపట్టినట్టు కాదు, అవి లేవని తేల్చుకోవాలి కదా.

నా భయమంతా కంటి గురించే. తగ్గిందని ఊరుకోవద్దు. కుర్రాళ్లలో ఈ జబ్బు కాస్త తీవ్రంగా ఉంటుంది. కంటి లోపలి వాపు పదేపదే వస్తే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఈ వారంలోనే కంటి డాక్టరుకు చూపించి, తర్వాత బరంపురంలోనో విశాఖలోనో రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే డాక్టరును కలవండి. పుండ్లకు కొల్చిసిన్, కంటికి స్టెరాయిడ్లు, అజథయోప్రిన్ లాంటి మందులున్నాయి. స్టెరాయిడ్ బిళ్లలు సొంతంగా కొని వేసుకోవద్దు.

అపాయింట్‌మెంట్ నాటికి పుండ్లు మానిపోవచ్చు. వచ్చినప్పుడే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. గుట్కా, ఖైనీ అలవాటుంటే, ఒకే చోట మూడు వారాలైనా మానని పుండును వేరుగా చూపించాలి, అది క్యాన్సర్ కావచ్చు. ఒక కాలు ఉన్నట్టుండి వాచినా, దగ్గులో రక్తం పడినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి.